తారల రికవరీ ఆత్మకథలు: మానాలనుకునేవాళ్ల చేతికి ఇవ్వొచ్చా?

పేరున్న నటుడో, గాయనో, ఆటగాడో తన తాగుడు గురించీ డ్రగ్స్ గురించీ దాచకుండా చెప్పుకుని, వాటిలోంచి ఎలా బయటపడ్డాడో రాసుకున్న ఆత్మకథలు ఇప్పుడు పుస్తకాల షాపులో ఒక అర నిండా ఉంటున్నాయి. చాలావరకు ఆడియోలో కూడా, రాసినవాళ్ల గొంతులోనే దొరుకుతున్నాయి. అభిమానులు కొనుక్కుంటే అది వాళ్ల ఇష్టం. కొనేవాళ్లలో ఇంకో రకం ఉన్నారు. మానాలనుకుని మానలేకపోతున్నవాళ్లు, వాళ్ల భార్యలు, తల్లులు, తోబుట్టువులు. "అంత పేరున్న మనిషే బయటపడ్డాడు, ఇది వింటే మనవాడిలో కదలిక వస్తుందేమో" అన్న ఆశతో కొంటారు. ఈ రివ్యూ వాళ్ల కోసం. ఏదో ఒక పుస్తకం గురించి కాదు, ఈ రకం పుస్తకాలు మొత్తంగా ఏం చేయగలవు, ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి, ఎక్కడ ఎదురు తిరుగుతాయి అన్నదాని గురించి.

మార్కులు ముందే చెప్పేస్తాం. "నాకు సమస్య ఉంది" అని నోరు తెరిపించడానికి ఐదుకి నాలుగు. ఏ చికిత్స తీసుకోవాలో తెలుసుకోవడానికి ఐదుకి రెండు, అది కూడా మంచి పుస్తకాలకే. స్కూలు పిల్లల్ని భయపెట్టి మత్తుకి దూరంగా ఉంచడానికి సున్నా. ఈ మూడో అంకె చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ఒకప్పుడు మత్తుకి బానిసైనవాళ్లని పిలిపించి పిల్లలకి అనుభవాలు చెప్పించడం వల్ల నివారణ జరగదని, కొన్నిసార్లు బెడిసికొడుతుందని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల కార్యాలయం తన నివారణ ప్రమాణాల్లోనే రాసింది. కారణం కష్టపడి వెతకక్కర్లేదు. వేదిక మీద నిలబడ్డ మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు, పేరుంది, చప్పట్లు పడుతున్నాయి. పదిహేనేళ్ల పిల్లవాడు మోసుకెళ్లేది ఆ ముగింపునే. మధ్యలో నలిగిపోయిన పదేళ్లు వాడికి కథలో ఫైటు సీనులాంటివి.

ఇక నాలుగు మార్కులు ఎందుకిచ్చామో చూద్దాం. 1978లో అమెరికా మాజీ అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ మద్యానికీ, డాక్టర్లు రాసిచ్చిన మాత్రలకీ అలవాటుపడి చికిత్స తీసుకుంటున్నానని బయటికి చెప్పారు. తాగుబోతు అనగానే రోడ్డు పక్కన పడి ఉన్న మగవాడే గుర్తొచ్చే రోజులవి. చక్కగా చీర మడత నలగకుండా బతికే ఇల్లాలికి కూడా ఈ జబ్బు రావచ్చని చాలామందికి తట్టింది ఆవిడ వల్లే. 1982లో ఆవిడ పేరుతో చికిత్సా కేంద్రం తెరుచుకుంది. నటి జేమీ లీ కర్టిస్ ఓ చిన్న కాస్మెటిక్ సర్జరీ తర్వాత ఇచ్చిన నొప్పి మాత్రలకి అలవాటుపడి, దాదాపు పదేళ్లు ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చి, 1999లో మానేశారు. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ, బీరువాలో మాత్రలు దాచుకునే మనిషి ఆ కథ విని మొదటిసారి "ఇది నా కథే" అనుకుంటుంది. ఈ జబ్బులో సిగ్గే పెద్ద తాళం. తాళం తీయడంలో తారల మాటకి ఉన్న బలం డాక్టరు కరపత్రానికి లేదు.

అయితే ఆ బలం ప్రతిభ వల్ల వస్తుందా, పడి లేవడం వల్ల వస్తుందా? ఇక్కడే ఎక్కువ పుస్తకాలు తప్పుతాయి కాబట్టి కొంచెం ఆగుదాం.

జాజ్ సంగీతంలో చార్లీ పార్కర్‌ది ఒక శకం. 1940లలో ఆయన శాక్సఫోన్ విని మతిపోయిన కుర్రాళ్లు ఆయన వాయించే పద్ధతిని పట్టుకోవాలని చూశారు. అది అందలేదు. ఆయన తీసుకునే హెరాయిన్ మాత్రం అందింది. తీసుకుంటే అలా వాయించొచ్చేమో అన్న భ్రమలో ఒక తరం సంగీతకారులు సూదికి చిక్కారు. నిజానికి మత్తులో బాగా వాయిస్తానని చెప్పేవాడు అబద్ధాలకోరని పార్కరే ఇంటర్వ్యూలో తేల్చి చెప్పాడు. ఎవరూ వినలేదు, ఎందుకంటే ఆయన చెప్పేదొకటి, చేసేదొకటి. 1955 మార్చిలో, 34 ఏళ్లకే పోయాడు. శవాన్ని పరీక్షించినవాళ్లు అంతకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడనుకున్నారు.

అదే పార్కర్ వల్ల మానేసినవాడు కూడా ఉన్నాడు. శాక్సఫోన్ వాయించే సోనీ రోలిన్స్ 1953 జనవరిలో ఓ రికార్డింగ్‌లో పార్కర్ పక్కన వాయించాడు. మానేశావా అని పెద్దాయన అడిగితే మానేశానన్నాడు. అబద్ధం. కాసేపటికే అది బయటపడింది. ఆ క్షణంలో పార్కర్ ముఖం ఎలా మారిపోయిందో రోలిన్స్ తర్వాత ఎన్నో ఏళ్లు చెప్పుకున్నాడు. తనని చూసి పాడైపోయిన కుర్రాడిని చూస్తున్న మనిషి ముఖం అది. రోలిన్స్ 1955లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ ప్రభుత్వ ఆసుపత్రిలో స్వయంగా చేరాడు. బాగుపడి వచ్చి పార్కర్‌కి కనిపించాలనుకున్నాడు. రోలిన్స్ ఆ ఆసుపత్రిలో ఉండగానే పార్కర్ పోయాడు.

ఒకే మనిషి. ఆయన ప్రతిభ, మత్తు జంటగా కనబడినప్పుడు జనం పాడయ్యారు. ఆ మత్తు ఆయన్ని ఎంత బాధపెడుతోందో ఒక్క క్షణం కనబడినప్పుడు ఒకడు ఆసుపత్రి మెట్లెక్కాడు. పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు చూడాల్సింది ఇదే. మత్తుని ప్రతిభకి ఇంధనంలా చూపిస్తుంటే ఎంత బాగా రాసినా పక్కన పెట్టేయండి. "27 ఏళ్ల శాపం" లాంటి మాటలతో మొదలయ్యేవి ముందే పక్కన పెట్టండి. పేరున్న సంగీతకారులు 27వ ఏట ఎక్కువగా పోతారా అని లెక్కలు తీస్తే అలాంటిదేమీ లేదని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇరవైల్లోనూ ముప్ఫైల్లోనూ వాళ్లలో మరణాలు మామూలు జనం కంటే ఎక్కువన్నది మాత్రం నిజం. అందులో శాపమూ లేదు, అందమూ లేదు.

కొనేముందు చూడాల్సినవి

వెనక అట్ట మీది పొగడ్తలు వదిలేయండి. చివరి పేజీల్లో కృతజ్ఞతలు ఉంటాయి, ముందు అవి చదవండి. మేనేజరు, లాయరు, సొంత డాక్టరు, రోజంతా వెంట ఉండే మనిషి, వంటవాడు, పిల్లల్ని చూసుకున్న ఆయా అంటూ ఎవరెవరికి థాంక్స్ చెప్పారో చూస్తే ఆ రికవరీ ఎంతమంది భుజాల మీద నిలబడిందో తెలుస్తుంది. ఆ జాబితా కథలో కూడా కనబడితే రచయిత నిజాయితీగా రాసినట్టు. కథలో మాత్రం "ఒకరోజు అద్దంలో చూసుకున్నా, చాలనుకున్నా, మానేశా" అని ఉండి, వెనక పేజీలో పాతికమంది పేర్లుంటే, ఆ పుస్తకం కష్టంలో ఉన్నవాడికి ఇవ్వకూడదు. తనకి అద్దం పని చేయలేదని వాడు తనమీదే కోపం తెచ్చుకుంటాడు.

తర్వాత పేజీలు లెక్కపెట్టండి. వాడకం, పతనం ఎన్ని పేజీలు? చికిత్స ఎన్ని? చికిత్స నుంచి ఇంటికొచ్చాక బతుకు ఎన్ని? మూడువందల పేజీల పుస్తకంలో రెండువందల ఎనభై పతనమే అయితే అది కాలక్షేపానికే. చివరి భాగం కనీసం మూడో వంతు ఉండాలి. మానడం వారం పని, మానినట్టు ఉండటం ఏళ్ల పని, నేర్చుకోవలసినదంతా ఆ రెండోదాంట్లోనే ఉంది. గాయకుడు ఎల్టన్ జాన్ 1990లో చికిత్సలో చేరేనాటికి వయసు 43. బట్టలు ఉతికే మెషీను ఎలా తిప్పాలో ఆయనకి తెలియదు, అక్కడే నేర్చుకున్నాడు. ఇలాంటి చిన్న విషయం ఉన్న పుస్తకం విలువైనది. మత్తు మానడమంటే సీసా పక్కన పెట్టడమే కాదని, ఎవరో చేసిపెట్టే బతుకులోంచి తన పని తాను చేసుకునే బతుకులోకి రావడమని ఆ ఒక్క ఉతుకుడు మెషీను చెప్పేస్తుంది. ఆయనకి మద్యం, కొకైన్‌తో పాటు బులీమియా, అంటే తిని కక్కేసే జబ్బు కూడా ఉంది. మూడింటికీ ఒకేచోట చికిత్స దొరికే ఆసుపత్రి వెతకాల్సి వచ్చింది. మత్తుతో పాటు ఇంకో మానసిక సమస్య ఉన్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకుని అడగాలి. ఒకదానికి చూసి ఇంకోటి వదిలేస్తే, వదిలేసింది మొదటిదాన్ని వెనక్కి లాక్కొస్తుంది.

మూడోది, రాసేనాటికి మానేసి ఎన్నేళ్లయింది. ఏడాదిలోపు రాసిన పుస్తకాన్ని రికవరీ పుస్తకంగా తీసుకోకండి. ఐదేళ్లు దాటితే మళ్లీ పడే అవకాశం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. నటుడు ఆంథొనీ హాప్కిన్స్ 1975 డిసెంబరు 29న మానేశాడు, 2020 చివర్లో 45 ఏళ్లయిందని చిన్న వీడియోలో చెప్పాడు. ఇంకో నటుడు ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ 22 ఏళ్లకే మానేసి, ఇరవై ఏళ్లకి పైగా నిలబడి, మళ్లీ మొదలుపెట్టి, 2014 ఫిబ్రవరిలో 46 ఏళ్లకి పోయాడు. ఈ రెండో కథ చెబితే పాఠకుడు బెదిరిపోతాడని కొందరు కౌన్సెలర్లు దాస్తారు. దాచకూడదు. షుగరు, బీపీ లాంటి దీర్ఘకాలిక జబ్బు ఇది. ఇరవై ఏళ్లు అదుపులో ఉన్నా చూసుకుంటూనే ఉండాలి.

ఎలా చదవాలి, ఎలా వినాలి

మానేసిన మొదటి 90 రోజుల్లో ఉన్నవాళ్లు పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవకూడదు. చికిత్సలో చేరిన అధ్యాయం ఏదో వెతికి అక్కడినుంచి మొదలుపెట్టండి. ముందు అధ్యాయాల్లో గ్లాసులో ఐసు చప్పుడు, మొదటి గుక్క వెచ్చదనం, పొడి గీతలు గీయడం లాంటివి ఎంతో బాగా రాస్తారు. బాగా రాయడమే ఇబ్బంది. మెదడుకి అది వర్ణన కాదు, పిలుపు. నోరూరడం, గుండె వేగం, చేతుల్లో చిరాకు నిమిషాల్లో వచ్చేస్తాయి. ఆడియోలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే పేజీ తిప్పేసినట్టు గబుక్కున దాటేయలేం.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు. పగటి పూట, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు. మామూలుగా తాగే వేళకి ముందు గంట, పడుకునే ముందు వద్దు. వింటుండగా తపన మొదలైతే ఆపేసి, ఉన్న చోటు మారండి, నీళ్లు తాగండి, ఎవరికైనా ఫోన్ చేసి "ఇప్పుడు తాగాలనిపిస్తోంది" అని ఆ మాటే చెప్పండి. ఆ తపన కెరటంలా లేచి, దానికి లొంగకపోతే సాధారణంగా పదిహేను నుంచి ముప్ఫై నిమిషాల్లో దిగుతుంది. ఒకే పుస్తకంతో రెండుసార్లు ఇలా జరిగితే ఆ పుస్తకం మానేయండి, కౌన్సెలర్‌కి ఏ పేజీ దగ్గర జరిగిందో చెప్పండి. ఆ పేజీ నంబరు వాళ్లకి చాలా పనికొచ్చే సమాచారం.

పక్కన ఓ నోటుబుక్కు పెట్టుకోండి. ప్రతి అధ్యాయం తర్వాత మూడే ముక్కలు: ఇందులో నాకు జరిగింది ఏది, ఆయన చేసినవాటిలో నేను డబ్బు లేకుండా చేయగలిగింది ఏది, నాకు కుదరనిది ఏది. మూడోది రాయకపోతే పోలిక మొదలవుతుంది. నటుడు మాథ్యూ పెరీ మానడానికి సుమారు 90 లక్షల డాలర్లు ఖర్చుపెట్టి ఉంటానని, 15 సార్లు రిహాబ్‌కి, అంటే మత్తు మాన్పించే కేంద్రానికి, వెళ్లానని తానే చెప్పాడు. డబ్బు చేయలేనిది చాలా ఉందని అర్థమవడానికి ఆ అంకెలు చాలు. నెలజీతం మనిషి అవే అంకెలు చూసి "నావల్ల కాదు" అనుకుంటే మాత్రం పుస్తకం నష్టమే చేసింది.

తారల కథల్లో అందరికీ పనికొచ్చే అంశం ఒక్కోసారి వాళ్లు గొప్పగా చెప్పుకోని చోట ఉంటుంది. నటుడు రాబర్ట్ డౌనీ జూనియర్‌కి 1990ల చివర్లో జైలు, విడుదలయ్యాక మళ్లీ అరెస్టులు. అతనితో సినిమా అంటే ఇన్సూరెన్స్ వాళ్లు భయపడేవారు. 2003లో ఓ సినిమాకి నిర్మాత జోయెల్ సిల్వర్ అతని పారితోషికంలో 40 శాతం షూటింగ్ ముగిసేదాకా ఆపి ఉంచాడని అప్పట్లో వార్త. ఆ ఏడాదే అతను మానేశాడు. 2008లో ఐరన్ మ్యాన్, 2024లో ఆస్కార్ అందరికీ తెలిసినవే. ఆ 40 శాతం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఈ పద్ధతికి చికిత్సలో ఓ పేరుంది, కంటింజెన్సీ మేనేజ్‌మెంట్. మూత్రపరీక్షలో మత్తు లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి, ఉందని తేలితే అది రాదు. కొకైన్, మెథాంఫెటమిన్ లాంటి వాటికి ఆమోదం పొందిన మందు ఇంతవరకు లేదు, ఉన్నవాటిలో బాగా పనిచేస్తుందని రుజువైన పద్ధతుల్లో ఇదొకటి. "సంకల్ప బలంతో లేచాడు" అని రాసే ప్రతి వాక్యం వెనక ఇలాంటి ఏర్పాటు ఏదో ఉందేమో వెతకండి.

పుస్తకాల్లో ఉండనివి, ప్రాణం మీదికి తెచ్చేవి

ఇది రివ్యూలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. గది తలుపు వేసుకుని ఒక్కసారిగా మానేసిన వీరగాథ చాలా పుస్తకాల్లో ఉంటుంది. రోజూ బాగా తాగే మనిషి అలా చేస్తే చనిపోవచ్చు. చివరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమటలు, గాభరా మొదలవుతాయి. 12 నుంచి 48 గంటల మధ్య మూర్ఛ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. లేనివి కనబడతాయి, మనుషుల్ని గుర్తుపట్టరు, జ్వరం, బీపీ పెరిగిపోతాయి. అది ఎమర్జెన్సీ. గతంలో మూర్ఛ వచ్చినవాళ్లు, పొద్దున లేవగానే తాగితేగానీ చేతులు నిలవనివాళ్లు ఇంట్లో మానకూడదు. ఆసుపత్రిలో డయాజెపామ్, లోరాజెపామ్ వంటి మందులు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. థయమిన్, అంటే బి1 విటమిన్, గ్లూకోజ్ ఎక్కించే ముందే ఇస్తారు. అది మరిస్తే మెదడుకి శాశ్వత నష్టం జరగొచ్చు. నిద్రమాత్రలూ అంతే, ఆల్ప్రజోలామ్ లాంటివి ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు డాక్టరు చూపులోనే తగ్గించుకోవాలి.

రెండో ప్రమాదం చికిత్స ముగిశాక. నల్లమందు జాతి మత్తులు, అంటే హెరాయిన్, నొప్పి మాత్రల్లాంటివి కొన్ని వారాలు మానితే శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది. మనసుకి మాత్రం పాత మోతాదే గుర్తుంటుంది. నటుడు కోరీ మాంటీత్ 2013 ఏప్రిల్‌లో చికిత్స పూర్తిచేసుకుని, జులై 13న హోటల్ గదిలో హెరాయిన్, మద్యం కలిసి చనిపోయాడు. వయసు 31. మద్యంలోనూ ఆగి ఆగి ఒకేసారి తాగడం ప్రాణాలు తీస్తుంది. గాయని ఎమీ వైన్‌హౌస్ కొంతకాలం తాగకుండా ఉండి మళ్లీ మొదలుపెట్టిందని 2011లో విచారణలో తేలింది. ఆమె రక్తంలో 100 మిల్లీలీటర్లకి 416 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉంది. ఇంగ్లండ్‌లో బండి నడపడానికి పరిమితి 80. అందుకే రిహాబ్ నుంచి వచ్చిన మొదటి వారాలే అన్నిటికంటే గట్టి కాపలా ఉండాల్సిన రోజులు. నల్లమందు జాతి మత్తు వాడినవాళ్లున్న ఇంట్లో ఆ మత్తుని విరిచే నలోక్సోన్ ముక్కు స్ప్రే దొరికితే ఉంచుకోండి. ఊపిరి మందగించినప్పుడు ఒక ముక్కులో కొట్టి, అంబులెన్స్ పిలిచి, రెండు మూడు నిమిషాల్లో తేరుకోకపోతే రెండోది కొట్టాలి. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, స్ప్రే పనితనం తగ్గాక మత్తు మళ్లీ కమ్ముకోవచ్చు.

మూడోది మందుల గురించిన చిన్నచూపు. "ఏ మాత్రా లేకుండా మానేశాను" అని గర్వంగా రాస్తారు. అది వాళ్ల అదృష్టం. తాగుడు తపన తగ్గించే నాల్ట్రెక్సోన్ రోజుకి 50 మిల్లీగ్రాములు, అకాంప్రొసేట్ రోజుకి మూడుసార్లు 666 మిల్లీగ్రాములు, ఇవి మామూలు మోతాదులు. మొదటిది నల్లమందు జాతి మాత్రలు వాడుతున్నవాళ్లకి పడదు, వాటిని మాని 7 నుంచి 10 రోజులు గడవాలి. రెండోదానికి ముందు కిడ్నీ పరీక్ష చేయించాలి. హెరాయిన్ లాంటివాటికి బ్యుప్రినార్ఫిన్, మెథడోన్ అనే మందులు ప్రాణాలు నిలబెడతాయి. ఇవి వాడుతున్న మనిషిని "ఒక మత్తు మాని ఇంకోటి పట్టాడు" అని రాసిన పుస్తకం ఏదైనా సరే, ఎవరి చేతికీ ఇవ్వకండి. ఆ ఒక్క వాక్యం చదివి మాత్రలు ఆపేసేవాళ్లుంటారు.

ఖరీదైన రిసార్టుల వర్ణనలకి మోసపోవద్దు. గుర్రాలు, సముద్రం, సెలైన్ డ్రిప్పులు చికిత్స కాదు. ఏ సెంటర్‌నైనా అడగాల్సింది: రాత్రి డాక్టరు ఉంటారా, తపన తగ్గించే మందులు ఇస్తారా, కుటుంబంతో ఎన్నిసార్లు కూర్చుంటారు, పంపించాక ఏం ఏర్పాటు. డీటాక్స్, అంటే ఒంట్లోంచి మత్తు దిగేదాకా చూసుకోవడం, ఒక్కటే చేసి పది రోజుల్లో పంపేస్తే చాలామంది మళ్లీ పడతారు. మొత్తం మీద మూడు నెలల కంటే తక్కువ చికిత్సకి ఫలితం పరిమితమే.

ఆత్మకథ కాకుండా మిగతా రూపాల గురించి రెండు మాటలు. డాక్యుమెంటరీల్లో వాడకం సీన్లకి అందమైన సంగీతం పెడతారు, అందుకే కొత్తగా మానినవాళ్లకి వద్దు. పాడ్‌కాస్ట్ ఇంటర్వ్యూలు చాలాసార్లు పుస్తకం కంటే నయం, గంటలో అయిపోతాయి, ప్రశ్నలడిగేవాడు కూడా మానినవాడైతే డాబు తగ్గుతుంది. మధ్యలో మద్యం ప్రకటన వస్తుందేమో మాత్రం ముందు చూసుకోండి. ర్యాపర్ ఎమినెమ్ లాంటివాళ్లు, మానిన ఏళ్లకి గుర్తుగా ఇచ్చే నాణెం పట్టుకుని ఏటా పెట్టే ఫోటోలు చూడటానికి బాగుంటాయి, 2008 నుంచి అతను నిలబడ్డాడు. కానీ రోజుల లెక్కనే పట్టుకుంటే ఓ చిక్కుంది. ఒక్క రాత్రి తాగితే లెక్క సున్నా అవుతుంది, "ఎలాగూ పోయింది కదా" అని వారమంతా తాగుతారు. 200 రోజుల్లో 199 రోజులు తాగలేదన్న లెక్క కూడా పక్కన రాసుకోవాలి.

స్ఫూర్తిని పేరున్న మనిషి మీద మోపొచ్చా? తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. సభ్యులు అజ్ఞాతంగా ఉండాలన్న దాని నియమం వెనక ఈ ప్రశ్నే ఉంది. 1940లో క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ క్యాచర్ రోలీ హెమ్స్‌లీ తాను ఆ సంఘం వల్లే మానానని పత్రికలకి చెప్పేశాడు. బోలెడు ప్రచారం వచ్చింది, కొత్తవాళ్లు వచ్చారు. ఆ పేరున్న మనిషి రేపు మళ్లీ తాగితే సంఘం మాట ఏమవుతుందన్న భయం కూడా వచ్చింది. పత్రికల్లో, సినిమాల్లో సభ్యులు పేరు బయటపెట్టుకోకూడదని తర్వాత నియమం పెట్టుకున్నారు. స్ఫూర్తిని ఒక్క మనిషికి కట్టేయొద్దన్న ఆ జాగ్రత్త ఇప్పటికీ సరైనదే. పేరుని ఇంకోలా వాడినవాళ్లున్నారు. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1998లో ఆంటీగ్వా దీవిలో చికిత్సా కేంద్రం పెట్టి, మరుసటి ఏడాది వంద గిటార్లు వేలం వేసి 50 లక్షల డాలర్లకి పైగా దానికి సమకూర్చాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్ 1996లో తన తాగుడు గురించి చెప్పి, 2000లో ఆటగాళ్ల కోసం క్లినిక్ మొదలుపెట్టాడు. వాళ్ల జీవితం ఎటుపోయినా ఆ మంచాలు, ఆ డాక్టర్లు ఉంటారు.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. పుస్తకం బహుమతిగా ఇస్తూ "చూడు అన్నయ్యా, ఆయన మానేశాడు, నువ్వెందుకు మానలేవు?" అంటే పుస్తకం అక్కడే మూతపడుతుంది. "అన్నయ్యా, నాలుగో అధ్యాయం విన్నాను, ఆయన భార్య పడ్డ భయం నాకూ ఉంది, నువ్వు కూడా విని ఏమనిపించిందో చెప్పవా?" అంటే వినే అవకాశం ఉంది. తాగి ఉన్నప్పుడు ఇవ్వకండి, తాగిన మర్నాడు పొద్దున్న తలనొప్పితో ఉన్నప్పుడూ ఇవ్వకండి. ఇచ్చే ముందు దగ్గర్లో ఎక్కడ డాక్టరు దొరుకుతాడో, ఏ వారం ఖాళీ ఉందో కనుక్కుని ఉంచుకోండి. "సరే, వెళ్దాం" అన్న మాట ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చిన రోజు వెతుక్కుంటూ కూర్చుంటే మర్నాటికి మనసు మారిపోతుంది.

చివరగా, రాసినవాళ్లు తర్వాత మళ్లీ పడినా, పోయినా ఆ పుస్తకం అరలోంచి తీసేయాలా? మాథ్యూ పెరీ పుస్తకం 2022 నవంబరులో వచ్చింది, ఏడాది తిరక్కుండా 2023 అక్టోబరు 28న ఆయన పోయాడు. ప్రధాన కారణం కెటమిన్ అనే మత్తుమందు అని పరీక్షలో తేలింది. తీసేయక్కర్లేదు. మొదటి పేజీ మీద ఆ తేదీ పెన్సిలుతో రాసి, కౌన్సెలర్‌తో కలిసి చదవండి. ఆయన సాయం అడిగిన చోట్ల ఒక గుర్తు, ఒంటరిగా ఉన్న చోట్ల ఇంకో గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. తర్వాత అదే పెన్సిలుతో మీ గత నెల క్యాలెండరు మీద అవే గుర్తులు పెట్టండి.